రోజుకు 2 గ్రాముల సోడియమా, 3 నుంచి 6 గ్రాములా? పరిశోధనలు ఎందుకు విభేదిస్తున్నాయి?

ప్రశ్న (క్యాంటీన్ బాధ్యుడు)

నేను పనిచేసే సంస్థలో రోజూ కొన్ని వందల మంది భోజనం చేసే క్యాంటీన్ ఉంది. అక్కడ వండే పదార్థాల్లోనూ, బయటి నుంచి ప్యాకెట్లలో తెప్పించేవాటిలోనూ ఉప్పు తగ్గించడానికి ఒక ప్రతిపాదన తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆరోగ్యపరమైన ఆధారాలను మొదటి పేజీలో క్లుప్తంగా చెప్పేసి, మిగిలిన పేజీలన్నీ అమలుకు కేటాయిద్దామనుకున్నాను. తీరా చదవడం మొదలుపెట్టాక ఆ మొదటి పేజీయే ముందుకు సాగడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 2 గ్రాముల లోపు సోడియం, అంటే దాదాపు 5 గ్రాముల లోపు ఉప్పు ఉండాలని సూచిస్తోంది. ప్రపంచ సగటు వాడకం దానికి రెట్టింపుకు మించి, సుమారు 4.3 గ్రాముల సోడియం దగ్గర ఉందని అదే సంస్థ అంచనా. ఇంతవరకు చిక్కేమీ లేదు. కానీ 2014లో ఫలితాలు వెలువరించిన ప్యూర్ అధ్యయనం 17 దేశాలకు చెందిన లక్షమందికి పైగా వ్యక్తులను కొన్నేళ్లపాటు గమనించి, రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం తీసుకునేవారిలోనే మరణాలు, గుండెపోటు, పక్షవాతం వంటివి అతి తక్కువగా కనిపించాయని, 3 గ్రాములకన్నా తక్కువ తీసుకునేవారిలో ముప్పు మళ్లీ పెరిగిందని చెప్పింది. గ్రాఫు గీస్తే రెండు కొసలా పైకి లేచే వంపు వస్తుంది. ఒకరు క్షేమమని చెప్పే అంకె మరొకరి లెక్కలో ప్రమాదం ఉన్న చోట పడుతోంది.

నా సందేహాలు ఇవి. ఇంత పెద్ద అధ్యయనాలు ఇలా ఎదురుబొదురుగా ఎందుకు నిలుస్తున్నాయి? తినేవారు గుర్తుపట్టకుండా ఉప్పు తగ్గించడం నిజంగా సాధ్యమేనా, లేక బల్ల మీది ఉప్పు డబ్బా అందుకుని మళ్లీ చల్లుకుంటారా? పొటాషియం కలిపిన ఉప్పును వాడమని ఒక సరఫరాదారు పట్టుబడుతున్నారు. అది అందరికీ పెట్టదగినదేనా? వార్తల్లో వచ్చే ముగింపు వాక్యాలు నాకు ఇప్పటికే చాలినన్ని దొరికాయి కాబట్టి, ఆ ముగింపులకు ఎలా వచ్చారో వివరించగలవారు రాస్తే మేలు.

సమాధానం (గణాంక పరిశోధకురాలు)

మీ మొదటి సందేహానికి జవాబు చాలావరకు ఒక్క చోట ఉంది: ఒక మనిషి ఎంత సోడియం తిన్నాడన్నది ఆ అధ్యయనం ఎలా తెలుసుకుంది?

తిన్న సోడియంలో దాదాపు 90 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది కనుక, 24 గంటల మూత్రాన్ని మొత్తం సేకరించి కొలవడమే అందుబాటులో ఉన్న వాటిలో నమ్మదగిన పద్ధతి. చెప్పడానికి ఇది ఒక్క వాక్యమే గాని, చేయడం పెద్ద యాతన. పొద్దున లేవగానే వచ్చే మూత్రాన్ని పారబోసి, ఆ సమయం రాసుకుని, అక్కడి నుంచి మర్నాడు అదే సమయం వరకు వచ్చినదంతా, మర్నాటి తొలి మూత్రంతో సహా, ఒక పెద్ద డబ్బాలో పట్టాలి. పనికి వెళ్లినా, ప్రయాణంలో ఉన్నా ఆ డబ్బా వెంట ఉండాల్సిందే. మధ్యాహ్నం ఒక్కసారి మరచిపోతే చాలు, ఆ మనిషి తక్కువ ఉప్పు తినేవాడిగా నమోదవుతాడు. పోనీ అంతా తూచా తప్పకుండా చేసినా, ఒక్క రోజు కొలత అలవాటును పట్టివ్వదు. అంగారక యాత్రను అనుకరిస్తూ మాస్కోలో జరిగిన మార్స్ 500 ప్రయోగంలో, మూసి ఉన్న గదుల్లో నెలల తరబడి గడిపినవారికి తూచి లెక్కకట్టిన ఉప్పే పెట్టినా, రోజువారీ సోడియం విసర్జన మాత్రం పెరుగుతూ తగ్గుతూ తనదైన లయలో సాగింది.

లక్షమందితో ఇలాంటి సేకరణ చేయించడం అసాధ్యం కనుక, ప్యూర్ పరిశోధకులు పరగడుపున ఒక్కసారి తీసుకున్న మూత్ర నమూనాతో సరిపెట్టుకుని, కవాసాకి సూత్రం ద్వారా 24 గంటల మొత్తాన్ని అంచనా వేశారు. ఆ సూత్రంలో సోడియం, క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి మూత్రంలో బయటికి పోయే వ్యర్థ పదార్థం) కొలతలతోపాటు వయసు, లింగం, ఎత్తు, బరువు కూడా ఉంటాయి. చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. వయసు, బరువు మరణంతో నేరుగా ముడిపడినవే. వాటిని కలిపి తయారుచేసిన అంకెను మరణాలతో పోల్చినప్పుడు, కనిపించే సంబంధంలో సోడియం వాటా ఎంత, సూత్రంలోకి చేరిన మిగతా అంశాల వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. దీనికి తోడు, అప్పటికే అనారోగ్యంతో ఆకలి తగ్గి కొద్దిగా తినేవారు, డాక్టరు చెప్పడం వల్ల ఉప్పు మానేసినవారు సహజంగానే తక్కువ సోడియం వర్గంలో చేరతారు.

ఇది కేవలం అనుమానం కాదు, పరీక్షించి చూశారు. అమెరికాలో 1980లు, 90లలో జరిగిన రక్తపోటు నివారణ పరీక్షల్లో పాల్గొన్నవారి నుంచి 24 గంటల మూత్రాన్ని పలుమార్లు సేకరించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వారిలో సంభవించిన మరణాలతో ఆ కొలతలను పోలిస్తే, సోడియం తగ్గేకొద్దీ మరణాలు తగ్గే సరళరేఖ వంటి సంబంధం వచ్చింది. అదే మనుషుల విషయంలో అసలు కొలతలను పక్కనబెట్టి కవాసాకి సూత్రం అంచనాలను వాడితే, మీరు చెప్పిన రెండు కొసల వంపు ప్రత్యక్షమైంది. 2018లో ప్రచురితమైన ఈ విశ్లేషణ చదివాక, ఆ వంపు ఎడమ కొసను నేను పెద్దగా పట్టించుకోవడం మానేశాను. 2022లో ఆరు బృందాల నుంచి, కనీసం రెండుసార్లు 24 గంటల మూత్రం ఇచ్చిన 10,709 మంది సమాచారాన్ని కలిపి చూసినప్పుడు కూడా, రోజువారీ సోడియం 1,000 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది.

రక్తపోటు విషయానికి వస్తే ఇంత తర్జనభర్జన అవసరం లేదు. 2001లో వెలువడిన డాష్ సోడియం పరీక్షలో 412 మందికి భోజనమంతా పరిశోధకులే వండి పెట్టారు; రోజుకు సుమారు 3.3, 2.4, 1.5 గ్రాముల సోడియం ఉండే మూడు స్థాయిలను ఒక్కొక్కటి 30 రోజుల చొప్పున తినిపించారు. మామూలు భోజనం తిన్నవారిలో అత్యధిక స్థాయి నుంచి అత్యల్ప స్థాయికి వచ్చేసరికి రక్తపోటు పై అంకె సగటున 6.7 మిల్లీమీటర్లు తగ్గింది. పళ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ ఉన్న పాల పదార్థాలు ఎక్కువగా ఉండే డాష్ భోజనం తిన్నవారిలో అదే మార్పుకు 3 మిల్లీమీటర్లే తగ్గింది, ఎందుకంటే ఆ భోజనం వల్ల రక్తపోటు ముందే కొంత దిగివచ్చింది. మీరు పెట్టేది క్యాంటీన్ కాబట్టి ఈ రెండో సంగతిని వదలకండి. ఉప్పును మాత్రమే చూస్తూ పళ్లెంలో మిగతా పదార్థాలను మరచిపోతే సగం పనే అవుతుంది.

సమాధానం (సంశయించే వైద్యుడు)

పై సమాధానంలో కొలతల గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే కొలత దోషం ఉందని తేలినంత మాత్రాన ఎదుటి పక్షం వాదన పూర్తిగా రుజువైపోదు. రక్తపోటు తగ్గడం ఒక మెట్టు. ఆరోగ్యవంతులైన సామాన్య ప్రజలను లాటరీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని ఏళ్ల తరబడి 2 గ్రాముల లోపు సోడియంతో ఉంచి, చివరికి ఎవరిలో ఎన్ని మరణాలు సంభవించాయో లెక్కించిన పరీక్ష మన ముందు లేదు. బహుశా ఎప్పటికీ ఉండదు కూడా, ఎందుకంటే ఒక మనిషిని అన్నేళ్లపాటు అంత తక్కువ ఉప్పుతో నిలిపి ఉంచడం ఆచరణలో అయ్యే పని కాదు.

2013లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణుల బృందం, రోజుకు 2,300 మిల్లీగ్రాముల కంటే దిగువకు తగ్గించడం వల్ల గుండెజబ్బులు, మరణాలు తగ్గుతాయని గాని, పెరుగుతాయని గాని చెప్పడానికి ఆధారాలు చాలవని రాసింది. 2019లో అక్కడి జాతీయ అకాడమీల నివేదిక, 2,300కు పైన తీసుకుంటున్నవారు తగ్గించుకుంటే దీర్ఘకాలిక జబ్బుల ముప్పు తగ్గుతుందని స్పష్టంగానే చెప్పింది. ఈ రెండు నివేదికల మధ్య వైరుధ్యం ఉన్నట్టు పైకి అనిపిస్తుంది గాని, జాగ్రత్తగా చదివితే మొదటిది గీత కింద గురించి, రెండోది గీత పైన గురించి మాట్లాడుతున్నాయి. శరీరం వైపు నుంచి చూసినా, సోడియాన్ని ఒక్కసారిగా బాగా తగ్గించినప్పుడు రెనిన్, ఆల్డోస్టిరాన్ హార్మోన్లు పెరిగి ఉప్పును పట్టి ఉంచే ప్రయత్నం చేస్తాయి. మెల్లగా, మితంగా తగ్గించినప్పుడు ఆ ప్రతిస్పందన అంత తీవ్రంగా ఉండదు.

గుండె వైఫల్యం ఉన్న రోగుల విషయంలో ఉప్పు మానాలన్న సలహా దశాబ్దాలుగా ఇస్తూ వచ్చాం. 2022లో 806 మంది రోగులతో జరిగిన సోడియం హెచ్ఎఫ్ పరీక్షలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపు లక్ష్యంగా పెట్టి చూస్తే, మరణాలు, ఆసుపత్రిలో చేరికలు, అత్యవసర చికిత్సలు కలిపి తక్కువ ఉప్పు వర్గంలో 15 శాతం, మామూలు సలహా పొందిన వర్గంలో 17 శాతం నమోదయ్యాయి. ఆ తేడాను నిజమైన తేడాగా పరిగణించలేము. అందరూ కంఠస్థం చేసిన సలహాను కూడా పరీక్షకు పెట్టాలని చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను.

అందువల్ల ప్రతిపాదన మొదటి పేజీలో మీరు రక్తపోటు గురించి ధీమాగా రాయండి, ప్రాణాల లెక్కలు మాత్రం వేయకండి. మీ క్యాంటీన్‌లో ఇన్ని మరణాలు తగ్గుతాయని రాస్తే, చదివినవాళ్లలో ఒక్కరు గట్టిగా అడిగినా మీ దగ్గర జవాబు ఉండదు.

ప్రతిస్పందన (గణాంక పరిశోధకురాలు)

సోడియం హెచ్ఎఫ్ గురించి వైద్యులవారు చెప్పిన అంకెలు సరైనవే, గాని ఆ పరీక్షలో రోగులు మొదలుపెట్టేనాటికే రోజుకు 2.2 గ్రాముల దగ్గర ఉన్నారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఏడాది గడిచేసరికి ఒక వర్గం 1,658, రెండో వర్గం 2,073 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నాయి. రెండింటి మధ్య దూరం 415 మిల్లీగ్రాములే, అంటే గ్రాము ఉప్పు. పైగా పరీక్షను అనుకున్నదానికంటే ముందే ముగించారు. గుండె వైఫల్యం ఉన్న, అప్పటికే తక్కువ ఉప్పు తింటున్న రోగుల ఫలితాన్ని 4 గ్రాముల సోడియం తినే ఉద్యోగులకు అన్వయించలేము. మొదటి పేజీ గురించి వారిచ్చిన సలహాతో మాత్రం నేను ఏకీభవిస్తున్నాను.

సమాధానం (ఆహార సాంకేతిక నిపుణుడు)

మీ రెండో సందేహానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే ఆహార తయారీలో ఉప్పు తగ్గించడమే నా పని. సాధ్యమేనా అంటే సాధ్యమే, కాని ఎంతవరకు, ఎంత వేగంగా అన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది.

ఉప్పు రుచికే అయితే మా పని సులువయ్యేది. బ్రెడ్డు తీసుకోండి. పిండి బరువులో సుమారు 2 శాతం ఉప్పు వేయడం ఆనవాయితీ. అది ఈస్టు వేగానికి కళ్లెం వేస్తుంది, గ్లూటెన్ అనే గోధుమ ప్రొటీన్ అల్లికను బిగిస్తుంది. ఉప్పు పూర్తిగా తీసేసిన ముద్దను చేత్తో పట్టుకుంటే వేళ్లకు అంటుకుని జారిపోతుంది. పొంగడం త్వరత్వరగా పొంగి, కాల్చే వేళకు కుంగిపోతుంది. ఈస్టు చక్కెరను ముందే తినేయడంతో పైపొర బంగారు రంగు తిరగక పాలిపోయి ఉంటుంది. చీజ్‌లో పులియబెట్టే సూక్ష్మజీవులను అదుపు చేసేది ఉప్పే. నిల్వ మాంసంలో ప్రొటీన్లను కరిగించి నీటిని పట్టి ఉంచుతుంది, ప్రమాదకరమైన క్రిములు పెరగకుండా నీటి లభ్యతను తగ్గిస్తుంది. అలాంటి చోట ఉప్పు తగ్గిస్తే ఆ ఖాళీని చల్లదనంతోనో, ఆమ్లంతోనో, నిల్వ గడువు కుదించడంతోనో పూరించాలి. సూపులు, సాస్‌లు, అక్కడికక్కడ వండి వడ్డించే పదార్థాల్లో ఈ ఇబ్బంది దాదాపు లేదు. అందుకే మీరు మొదలుపెట్టవలసింది అక్కడి నుంచి.

రుచి సంగతికి వస్తే, ఉప్పదనానికి నాలుక త్వరగానే అలవాటు పడుతుంది, అలాగే అలవాటు తప్పుతుంది కూడా. తక్కువ ఉప్పు భోజనం కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు తిన్నవారికి పాత ఉప్పు మోతాదు ఎక్కువైనట్టు అనిపించడం 1980ల నాటి ప్రయోగాల నుంచి తెలిసిన సంగతి. ఆస్ట్రేలియాలో 2003లో ప్రచురితమైన ఒక పరీక్షలో బ్రెడ్డులో ఉప్పును వారానికి కొంచెం చొప్పున ఆరు వారాల్లో నాలుగో వంతు తగ్గించినా తిన్నవారు తేడా పసిగట్టలేదు. బ్రిటన్‌లో ఇదే కిటుకును జాతీయ స్థాయిలో ప్రయోగించారు. ఆహార రకానికో లక్ష్యం పెట్టి, కంపెనీలన్నీ కలిసి, తినేవారు గుర్తుపట్టనంత మెల్లగా తగ్గించేలా చూశారు. అక్కడ 2000ల మొదట్లో రోజుకు 9.5 గ్రాములున్న సగటు ఉప్పు వాడకం 2011 నాటికి 8.1 గ్రాములకు దిగింది. ఒక్క కంపెనీయే తగ్గిస్తే కొనేవారు పక్క కంపెనీ సరుకుకు మారిపోతారు. అందరూ కలిసి తగ్గిస్తే నాలుకలన్నీ కలిసే మారతాయి. దక్షిణాఫ్రికా ఇంకో అడుగు ముందుకు వేసి, 2016 నుంచి బ్రెడ్డు వంటి పదార్థాలకు సోడియం గరిష్ఠ పరిమితిని చట్టబద్ధం చేసింది. స్వచ్ఛంద లక్ష్యాలకన్నా ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ముందు తగ్గించిన కంపెనీకి నష్టం అన్న భయం ఉండదు.

మీరు చేయకూడని పని ఒకటుంది: "ఈ రోజు నుంచి ఉప్పు తగ్గించాము" అని బోర్డు పెట్టడం. అది చదివిన మరుక్షణం అన్నీ చప్పగానే అనిపిస్తాయి. మోతాదు తగ్గించండి, సంగతి తర్వాత చెప్పండి.

ఉప్పు రేణువుల పరిమాణంతోనూ కొంత సాధించవచ్చు. చిప్స్ వంటి వాటి మీద చల్లిన ఉప్పులో కొంత భాగం నాలుక మీద కరగకుండానే గొంతు దిగిపోతుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా కరిగి, తక్కువ ఉప్పుతోనే అదే ఉప్పదనం తెలుస్తుంది. పైన చల్లే వాటికే ఈ ఉపాయం పనికివస్తుంది. నీటిలో కరిగిపోయే పులుసుకో, సూపుకో రేణువు ఎంతదైనా ఒకటే. గులాబి రంగు ఉప్పు, సముద్రపు ఉప్పు అంటూ వచ్చే వాటిలోనూ సోడియం దాదాపు అంతే ఉంటుంది, వాటి కోసం డబ్బు వృథా చేయకండి.

ప్యాకెట్ల లేబుళ్లు చదివేటప్పుడు జాగ్రత్త. కొన్నింటి మీద సోడియం అని, కొన్నింటి మీద ఉప్పు అని ఉంటుంది. ఉప్పు బరువులో సోడియం 39 శాతం, కాబట్టి సోడియం అంకెను 2.5తో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. వంద గ్రాములకు 600 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉన్న పదార్థాన్ని 60 గ్రాములు వడ్డిస్తే 360 మిల్లీగ్రాముల సోడియం, అంటే 0.9 గ్రాముల ఉప్పు పళ్లెంలోకి వెళ్లినట్టే. పైగా సోడియమంతా ఉప్పు రూపంలోనే ఉండదు. వంటసోడా, బేకింగ్ పౌడరు, సోడియం నైట్రైట్, ఫాస్ఫేట్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందరూ భయపడే మోనోసోడియం గ్లుటమేట్‌లో (అజినోమోటో పేరుతో తెలిసిన రుచి పొడి) సోడియం 12 శాతమే, అంటే ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతు. కొంత ఉప్పు తీసేసి ఆ స్థానంలో దీన్ని కొద్దిగా వాడితే మొత్తం సోడియం తగ్గి, రుచి నిలుస్తుంది. ఇది చెబితే చాలామంది ముఖం చిట్లిస్తారని తెలిసే రాస్తున్నాను.

మరో ప్రశ్న (క్యాంటీన్ బాధ్యుడు)

అందరికీ కృతజ్ఞతలు. బోర్డు పెట్టాలన్న ఆలోచన నా చిత్తుప్రతిలో ఉండేది, దాన్ని తొలగిస్తున్నాను. పొటాషియం ఉప్పు గురించి మాత్రం ఇంకా తేలలేదు. సరఫరాదారు ఇచ్చిన కాగితంలో చైనాలో జరిగిన పరీక్షలో పక్షవాతం 14 శాతం తగ్గిందని ఉంది. అది నిజమైతే మామూలు ఉప్పు స్థానంలో వంటగదిలో అదే వాడవచ్చు కదా? మా దగ్గర తినేవారిలో పదవీ విరమణకు దగ్గరపడినవారు, బీపీ మాత్రలు వేసుకునేవారు కూడా ఉన్నారు.

సమాధానం (మూత్రపిండ రోగుల పోషకాహార నిపుణురాలు)

ఆ అంకె నిజమే. 2021లో ఫలితాలు వెలువడిన ఆ పరీక్షలో చైనా గ్రామీణ ప్రాంతంలోని 600 గ్రామాల నుంచి 20,995 మందిని తీసుకున్నారు. అందరూ అంతకుముందే పక్షవాతం వచ్చినవారు, లేదా 60 ఏళ్లు పైబడి అధిక రక్తపోటు ఉన్నవారు. సగం గ్రామాలకు 75 శాతం మామూలు ఉప్పు, 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన మిశ్రమం ఇచ్చారు. సుమారు అయిదేళ్లలో ఆ గ్రామాల్లో పక్షవాతం 14 శాతం, మొత్తం మరణాలు 12 శాతం తక్కువగా నమోదయ్యాయి. సామాన్యమైన వంటింటి వస్తువు మార్చడం వల్ల ఇంత ఫలితం రావడం పోషకాహార పరిశోధనలో అరుదు. సంశయించే వైద్యుడుగారు కోరిన ప్రాణాల లెక్క ఇందులో ఉంది గాని, అది సోడియం ఒక్కదాని ఘనత కాదు. మూత్ర పరీక్షల ప్రకారం సోడియం రోజుకు దాదాపు 350 మిల్లీగ్రాములే తగ్గింది. పొటాషియం మాత్రం 800 మిల్లీగ్రాముల వరకు పెరిగింది. మేలులో పొటాషియానికి పెద్ద వాటా ఉండి ఉంటుందని నేననుకుంటాను.

సరఫరాదారు కాగితంలో లేని సంగతి ఏమిటంటే, తీవ్రమైన మూత్రపిండ జబ్బు ఉన్నవారిని, పొటాషియాన్ని నిలిపి ఉంచే మూత్రవిసర్జక మందులు వాడేవారిని ఆ పరీక్షలోకి తీసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అదనపు పొటాషియాన్ని ఇట్టే బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు పంపలేవు, అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఇది ముందస్తు హెచ్చరిక లేకుండా ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి. స్పైరనోలాక్టోన్ వంటి మందులతోపాటు, బీపీకి విరివిగా రాసే ఏసీఈ నిరోధకాలు, లోసార్టాన్ వర్గపు మాత్రలు కూడా పొటాషియాన్ని కొంత పెంచే స్వభావం ఉన్నవే. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి మరేదో కారణంతో రక్త పరీక్ష చేయించుకున్నప్పుడే బయటపడుతుంది. మీ క్యాంటీన్ వరుసలో నిలబడినవారిలో అలాంటివారు ఎవరో వారికే తెలియనప్పుడు మీకెలా తెలుస్తుంది?

చైనాలోనే 48 వృద్ధాశ్రమాల్లో జరిగి 2023లో వెలువడిన మరో పరీక్ష మీ పరిస్థితికి ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ కూడా వండేది ఉమ్మడి వంటగదే. పొటాషియం మిశ్రమం వాడిన ఆశ్రమాల్లో రక్తపోటు పై అంకె 7 మిల్లీమీటర్ల మేర తక్కువగా ఉంది, గుండె జబ్బుల ఘటనలు కూడా తగ్గాయి. రక్తంలో పొటాషియం పెరిగిన సందర్భాలు మాత్రం ఎక్కువయ్యాయి. అదే పరీక్షలో వంటగదికి అందించే ఉప్పును దశలవారీగా తగ్గించే మార్గాన్ని కూడా ప్రయత్నించారు. దానివల్ల రక్తపోటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వంటగదికి ఇచ్చే ఉప్పు తగ్గిస్తామని కాగితం మీద రాసినంత మాత్రాన పళ్లెంలో తగ్గదని దీనివల్ల తెలుస్తోంది. మీ అమలు పేజీల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీని మీదే.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలు ఉప్పు స్థానంలో దాన్ని వాడవచ్చని షరతులతో సూచించింది. పిల్లలను, గర్భిణులను, మూత్రపిండ సమస్యలున్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది. అన్నిటికంటే మీకు ముఖ్యమైన సంగతి, ఆ సూచన మనుషులు తమంతట తాము ఇంట్లో వేసుకునే ఉప్పుకు సంబంధించినది; ప్యాకెట్ ఆహారాలు, హోటళ్లు, క్యాంటీన్ల వంటకాలు దాని పరిధిలోకి రావు. ఎవరి ఇంట్లో వారు లేబులు చదివి, డాక్టరును అడిగి నిర్ణయించుకోగలరు. క్యాంటీన్‌లో తినేవారికి ఆ అవకాశం ఉండదు. కాబట్టి పొటాషియం ఉప్పును అందరి గిన్నెలో కలిపేయవద్దని నా సలహా. మామూలు ఉప్పునే, అయోడిన్ కలిపినదాన్నే, తక్కువగా వాడండి. పొటాషియాన్ని కూరగాయలు, పప్పుల రూపంలో పెంచవచ్చు. మూత్రపిండ రోగులు వాటిని చూసి గుర్తుపట్టి వదిలేయగలరు.

ప్రతిస్పందన (సంశయించే వైద్యుడు)

పొటాషియం విషయంలో పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క మాట చేరుస్తాను. చెమటోడ్చి పనిచేసేవారు, మూత్రవిసర్జక మాత్రలు వాడే వృద్ధులు కొందరిలో రక్తంలో సోడియం తగ్గిపోయే పరిస్థితి ఉంటుంది. మీరు చేయబోయే పాటి తగ్గింపు వల్ల ఆ ముప్పు వస్తుందని నేను అనుకోను, గాని ఎవరికైనా డాక్టరు ప్రత్యేకంగా సూచించిన మోతాదు ఉంటే దాన్ని మీ క్యాంటీన్ నియమం తోసిపుచ్చకూడదు. అందుకోసమైనా బల్లల మీద కాకుండా కౌంటరు దగ్గర ఒక ఉప్పు డబ్బా ఉంచండి.

చివరి ప్రశ్న (క్యాంటీన్ బాధ్యుడు)

పళ్లెంలో నిజంగా తగ్గిందో లేదో నేను ఎలా కొలవాలి? మూత్ర పరీక్షలు చేయించే స్తోమత, అధికారం రెండూ నాకు లేవు.

సమాధానం (గణాంక పరిశోధకురాలు)

అక్కర్లేదు. వంటగదిలోకి వచ్చిన ఉప్పు బరువును, వడ్డించిన భోజనాల సంఖ్యను వారం వారం రాయించండి. రెండో అంకెతో మొదటిదాన్ని భాగిస్తే భోజనానికి ఎన్ని గ్రాములో వస్తుంది. దానికి ప్యాకెట్ పదార్థాల సోడియాన్ని, సాంకేతిక నిపుణులు చెప్పిన పద్ధతిలో లేబుళ్ల నుంచి లెక్కించి కలపండి. వృథాగా పారబోసే నీటిలో, మిగిలిపోయిన ఆహారంలో పోయే ఉప్పు వల్ల ఈ అంకె అసలు కంటే ఎక్కువగానే ఉంటుంది. అయినా ఆ వృథా ప్రతివారం ఇంచుమించు ఒకేలా ఉంటే, పోల్చుకోవడానికి అది అడ్డు కాదు. తగ్గింపు మొదలుపెట్టక ముందు కనీసం నాలుగు వారాలు ఈ లెక్క రాయించండి, లేకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు. కౌంటరు దగ్గరి డబ్బాలో నింపే ఉప్పును వేరే పట్టీలో రాయించండి. వంటగది అంకె తగ్గుతూ డబ్బా అంకె పెరుగుతుంటే, మీరు తొందరపడి ఎక్కువ తగ్గించారన్నమాట. అప్పుడు ఒక మెట్టు వెనక్కి వేసి, కొన్ని వారాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఇంకొకటి: గరిటెల లెక్కను నమ్మకండి. ఒకే గరిటెతో ఇద్దరు వంటవాళ్లు తీసిన ఉప్పును తూచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ప్రతి వంటకానికి ఉప్పును ముందే తూచి చిన్న డబ్బాల్లో పెట్టించండి.